కొత్తదానిలా మెరిసే పాత పెన్ను కావలెను

పాత ఫౌంటెన్ పెన్నులు అమ్మేవాళ్ల నోట ఒక మాట తెగ నలుగుతుంటుంది: "కొత్తదానిలా ఉందండీ!" తొంభై ఏళ్ల పెన్నును మన చేతిలో పెట్టి, నిన్ననే పుట్టిందన్నంత ధీమాగా చెప్పి, ఆ అబద్ధానికి విడిగా డబ్బు తీసుకుంటారు. మనమూ మురిసిపోయి ఇస్తాం. కొత్తదానిలా ఉండేదే కావాలనుకుంటే కొత్తదే కొనుక్కోవచ్చు కదా అన్న అనుమానం ఆ క్షణాన ఎవరికీ రాదు. వచ్చినవాణ్ణి రసహీనుడని తోసేస్తారు.

ఈ తళతళల సిద్ధాంతం ఇప్పటికే గెలిచేసింది. గెలిచినవాళ్లతో వాదన దండగ. కాబట్టి వాళ్ల శాస్త్రాన్ని వాళ్లకే క్రమబద్ధంగా రాసిపెట్టడం పౌరధర్మంగా భావించి ఈ వ్యాసానికి పూనుకున్నాం.

ముందుగా, ఇంకా చెడిపోని కొద్దిమంది కోసం నాలుగు ముక్కలు. చిన్న సేకరణ మొదలుపెట్టేవాడికి ఒక అంశం కావాలి. "పాత పెన్నులు" అంటే అంశం అనిపించుకోదు, సొరుగు అనిపించుకుంటుంది. "అందమైనవి" అంటే మరీ ప్రమాదం, దాంతో ఇల్లు గుల్లవుతుంది. ఏ పెన్నును వద్దనాలో నిక్కచ్చిగా చెప్పేదే అంశం. ఆ లెక్కన పాత కలాల్లో అన్నింటికన్నా గట్టి అంశం ఇంకు నింపుకునే విధానం. ఒక్కో విధానానికి ఒక్కటే పెన్ను, మొత్తం ఎనిమిది. రెండో లీవరు పెన్ను మనసు లాగిందంటే మొదటిది గడప దాటాలి.

వరస ఇదీ. డ్రాపరుతో ఇంకు పోసే పాత వాటర్‌మన్ ఒకటి. ఇంకును పాళీకి లెక్కగా అందించే ఫీడుకు ఎల్. ఇ. వాటర్‌మన్ 1884లో పేటెంటు పుచ్చుకున్నాడు, కథ అక్కణ్ణించి మొదలెట్టడం న్యాయం. రెండోది వీపు మీద అర్ధచంద్రాకారపు రేకు ఉన్న కాంక్లిన్. ఆ రేకు నొక్కితే లోపలి రబ్బరు తిత్తి ఇంకు పీల్చుకుంటుంది, పైగా పెన్ను బల్ల మీంచి దొర్లిపోదు. దొర్లదన్న ఆ గుణాన్ని మార్క్ ట్వేన్ కూడా మెచ్చుకున్నాడు. మూడోది లీవరు, పక్కనున్న చిన్న మీట ఎత్తితే లోపలి తిత్తి నొక్కుకునే రకం. దాని మీద షెఫర్ 1908లో పేటెంటు తీసుకున్నాడు. నాలుగోది పార్కర్ డుయోఫోల్డ్ (1921), వెనక చిన్న మూత విప్పి బటన్ నొక్కే రకం. అయిదోది పెలికాన్ 100 (1929), తోక తిప్పితే పిస్టన్ కదులుతుంది, ఎంత ఇంకుందో కిటికీలోంచి కనబడుతుంది. ఆరోది పార్కర్ వాక్యుమాటిక్ (1933), రబ్బరు పొరను పంపులా ఆడించేది. ఏడోది షెఫర్ స్నార్కెల్ (1952), పాళీ కింద నుంచి సన్నని గొట్టం బయటికి చాపి సీసాలోంచి తాగుతుంది. పాళీకి ఇంకు అంటకూడదన్న ఒకే ఒక్క కోరిక కోసం అన్ని విడిభాగాలు పెట్టిన ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలి. ఎనిమిదోది 1948 తర్వాతి పార్కర్ 51, ఏరోమెట్రిక్, అంటే లోహపు తొడుగు మీది పట్టీని నొక్కి లోపలి తిత్తిని నింపే రకం.

తొమ్మిదోదిగా పార్కర్ 61 (1956) ఊరిస్తుంది. వెనక భాగం ఇంకులో నిలబెడితే చాలు, కేశనాళికల్లా దానంతట అదే పీల్చుకుంటుంది. ఆ పొరల మధ్య ఇంకు ఎండిందంటే మాత్రం ఎన్నిసార్లు కడిగినా రంగు నీళ్లే. ఊరించనివ్వండి, తీసుకోకండి.

కొనేటప్పుడు మాత్రం వెనక నుంచి మొదలెట్టాలి. ముందుగా ఏరోమెట్రిక్ 51. దాని తిత్తి రబ్బరుది కాకుండా ప్లాస్టిక్‌ది కనుక దశాబ్దాలైనా చాలావాటిలో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. తర్వాత లీవరు. పని చేతికి వచ్చాక పిస్టన్. వాక్యుమాటిక్, స్నార్కెల్ చిట్టచివరికి. పంపు విప్పడానికి విడిగా ఒక పట్టుడు పనిముట్టు లేనివాడు వాక్యుమాటిక్ జోలికి పోకపోవడమే దానికి చేసే మేలు.

ఇంతవరకూ పాతకాలపు ఛాదస్తం. ఇప్పుడు నవీన శాస్త్రంలోకి వద్దాం. పాత పెన్నును కొత్తదానిలా చేయు విధానం:

మొదట పెన్నునంతా రాత్రి నీళ్లలో పడేయాలి. ఎబొనైట్‌దైతే పొద్దుటికి నలుపు దిగి గోధుమరంగుకు తిరుగుతుంది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి ఉడికించిన రబ్బరు, నీళ్లూ ఎండా దానికి పడవు. పాల ప్రొటీనైన కేసీన్‌తో చేసిన పెన్నైతే ఇంకా వేడుక, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. తర్వాత స్పిరిట్ పెట్టి రుద్దాలి. పెన్ను సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌దైతే పైపొర మెత్తబడి మసకేస్తుంది. ఆ మసకను పోగొట్టడానికి బఫింగ్ చక్రం ఎటూ ఉండనే ఉంది. చక్రం కింద పెన్నును కదలకుండా ఒకేచోట పట్టుకుంటే రాపిడికి వేడెక్కి సెల్యులాయిడ్ వంకర తిరుగుతుంది. మరీ పట్టుదలగలవాళ్లు అది నైట్రో సెల్యులోజ్ అనీ, మంటంటుకునే జాతి అనీ స్వయంగా తెలుసుకుంటారు. క్లిప్పును కూడా చక్రానికి ఆనించాలి. రెండు క్షణాల్లో బంగారు పూత పోయి కింది ఇత్తడి పలకరిస్తుంది. ఇత్తడి కూడా పచ్చగానే మెరుస్తుంది కనుక నష్టమేమీ లేదు.

చివరగా పాళీ. కొనను నున్నగా, ఇంకా నున్నగా, గాజులా అయ్యేదాకా అరగదీయాలి. చీలిక అంచులు రెండూ లోపలికి గుండ్రబడతాయి. ఇంకు చీలిక దాకా వస్తుంది, కాగితాన్ని మాత్రం అందుకోలేదు. గీత మొదలెట్టిన ప్రతిసారీ మొదటి అక్షరం సగం ఎగిరిపోతుంది. దీనికి "వెన్నలా జారుతుంది" అని పేరు.

లోపలి సంగతి ఈ శాస్త్రంలో లేదు. లోపల తిత్తి ఎండి, పెళుసెక్కి, ముక్కలై ఉంటుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటుంది. లీవరు లేవకపోతే బలం చూపిస్తారు, లీవరు పిన్ను ఊడుతుంది, లేదా బ్యారెల్, అంటే పెన్ను ఒళ్లు, చీలుతుంది. నిజానికి తిత్తి మార్చడం ఈ విద్యలో అన్నింటికన్నా సులువైన పని. హెయిర్ డ్రయర్‌తో, సెల్యులాయిడ్ ఓర్చుకునేంత పొడి వేడి, అంటే 60 డిగ్రీల చుట్టుపక్కల, బ్యారెల్ మూతి చుట్టూ తిప్పుతూ ఇవ్వాలి. చేతికి బాగా వెచ్చగా తగలాలి గాని కాలకూడదు. ఆ తర్వాత సెక్షన్‌ను, అంటే పాళీ ఉండే ముందుభాగాన్ని, అటూ ఇటూ కొద్దికొద్దిగా మెలితిప్పుతూ తిన్నగా లాగాలి, పక్కకి వంచకూడదు. మరతో బిగించినదా, ఒత్తి దూర్చినదా ముందే తెలుసుకోవాలి. బ్యారెల్‌లో పాత రబ్బరు పెంకులన్నీ గీకి, తిత్తిని నొక్కే ప్రెషర్ బార్ తుప్పు పట్టిందేమో చూడాలి. కొత్త తిత్తి సైజును అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. ఎస్టర్‌బ్రుక్ కంపెనీ 'జె' పెన్నుకి 16 నంబరు, అంటే పావు అంగుళం. దాన్ని బార్‌కు సరిపోయే పొడవుకు కోసి, సెక్షన్ మూతికి పలచగా షెల్లాక్ (లక్క జిగురు) రాసి తొడగాలి. సూపర్ గ్లూ మాత్రం వద్దు. మళ్లీ విప్పాల్సినవాడు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు, వాడి ఉసురు తగులుతుంది. షెల్లాక్ ఆరాక, తిత్తి మీద వాసన లేని శుద్ధమైన టాల్క్ కాస్త చల్లి మూయాలి. పెట్రోలియం జెల్లీ తగిలితే రబ్బరు చెడుతుంది. లేతరంగు సెల్యులాయిడ్‌కు లేటెక్స్ రబ్బరు తిత్తి బదులు పీవీసీది వేయడం మేలు, లేటెక్స్ విడిచే గంధకపు ఆవిరికి ఆకుపచ్చ బ్యారెల్ లోపలి నుంచి నల్లబడుతుంది. మొదటి పరీక్ష నీళ్లతోనే, ఇంకుతో కాదు.

ఈ పనికి ఓపికుంటే ఒక మధ్యాహ్నం చాలు. మెరుపు మాత్రం రాదు. అందుకే ఎవరూ చేయరు.

ఇక మెరుపు శాస్త్రం ఫలించినచోట ఎలా ఉంటుందో ఊహించుకుందాం. గాజు పెట్టె, వెల్వెట్ పరుపు, ఎనిమిది పెన్నులు. ఒక్కోదాంట్లో ఒక్కో మొహం చూసుకోవచ్చు. డుయోఫోల్డ్‌లో అతిథి మొహం కోలగా కనిపిస్తుంది, పెలికాన్‌లో మరీ కోలగా. యజమాని పక్కనే నిలబడి, "చూశారా, ఎలా వస్తోందో!" అంటాడు. వస్తున్నది అతిథి మొహమే. ఇది ఏ సంవత్సరందని ఒకాయన అడుగుతాడు. "దాని మెరుపు చూడండి ముందు." అది కాంక్లినేనా అని ఇంకొకరు. "కాంక్లిన్ పెట్టిన చోటే ఉందిగా!" ఆ మధ్య పెట్టె తుడిచినవాళ్లు రెండింటిని అటూ ఇటూ మార్చారు. అప్పటినుంచి కాంక్లిన్ వాటర్‌మన్‌గా, వాటర్‌మన్ కాంక్లిన్‌గా గౌరవం అందుకుంటున్నాయి. అర్ధచంద్రపు రేకు ఒకదానికే ఉంది గదా అంటే, పూత మందంగా వేయించాక ఆ రేకు ఎటూ కదలదని, కనుక అది అలంకారమని యజమాని నచ్చజెబుతాడు. లీవరు కూడా తెరుచుకోదు. "దుమ్ము చొరకుండా" అంటించేశాడు. స్నార్కెల్ గొట్టం బయటికి వస్తే వెల్వెట్ పాడవుతుందని దానికీ బిరడా. అతిథులందరూ వరసగా పెన్నుల్లో జుట్టు సర్దుకుంటున్న వేళ, వెనక నుంచి ఒక చిన్నపిల్ల, "ఇవి రాస్తాయా?" అని అడుగుతుంది.

అందరూ పిల్ల తల్లివైపు చూస్తారు. ఇలాగేనా పెంచడం?

ఇంకు తాగే ఎనిమిది విధానాలు అని బోర్డు. ఒక్కటీ గుక్కెడు తాగి ఎరగదు.

ఇదంతా వేళాకోళంగానే సాగిపోయేది, ఆ బ్యారెల్ మీద ఉన్న ముద్ర సంగతి రాకపోతే. పాత పెన్ను పుట్టుపూర్వోత్తరాలన్నీ అక్కడే ఉంటాయి: కంపెనీ పేరు, ఊరు, పేటెంటు తేదీలు. 51 లాంటి పార్కర్లలో సంవత్సరం చివరి అంకె ముద్రించి, చుట్టూ చుక్కలు పెట్టేవారు. మొదటి త్రైమాసికానికి మూడు చుక్కలు, తర్వాత త్రైమాసికానికి ఒకటి చొప్పున తీసేసేవారు. 5 అంకెకు మూడు చుక్కలుంటే 1945 తొలి మూడు నెలలు, చుక్కలేవీ లేకపోతే చివరి మూడు నెలలు. ఇక అంకె కూడా లేకపోతే? అది కాలాతీతం, అన్ని త్రైమాసికాల్లోనూ పుట్టిన పెన్ను. కంపెనీ ఏడాదికి మూడు చుక్కలు చెరిపితే, చక్రం పట్టినవాడు చరిత్రనంతా ఒక్క నిమిషంలో చెరిపేస్తాడు.

అతనికి ఎవరిచ్చారు ఆ హక్కు? ఆ అక్షరాల లోతు వెంట్రుక మందం. ఎందరో చేతులు మారినా, జేబుల్లో తిరిగినా, యుద్ధాలు దాటినా చెరగని దాన్ని, ఫొటోలో మెరుపు కోసం తుడిచి పారేశాడు. ఎబొనైట్ మీద యంత్రంతో చెక్కిన అలల గీతలనూ అలాగే తుడిచాడు. వాటిని మళ్లీ ఎవరూ తేలేరు. కొందరు ముద్రను తిరిగి చెక్కించి అమ్ముతున్నారు. దానికి రిస్టోరేషన్ అని గౌరవనామం, ఫోర్జరీ అన్నదే అసలు పేరు. వీళ్ల పెద్దన్నలు ఇంకోరకం. 14 క్యారెట్ల పాళీ పీకి, గ్రాములో సగమో కాస్త ఎక్కువో ఉండే ఆ తునకలోంచి 58.5 శాతం బంగారం కరిగించుకుని, మిగతా పెన్నును చెత్తలో వేస్తారు. కొనకు గట్టి లోహపు గుండు అతికించి, చీల్చి, చేత్తో రాసి చూసి పంపిన పాళీ అది. దొంగతనమైతే వస్తువు ఎక్కడో ఒకచోట ఉంటుందనైనా ఆశ ఉండేది. సిగ్గులేని పని ఇది, దీనికి మర్యాదైన మాట వెతకడం నా వల్ల కాదు.

సరే, కొనేవాడు చేయగలిగిందేమిటి? డబ్బు పంపే ముందు మూడు ఫొటోలు అడగడం. ఒకటి, దీపం పక్క నుంచి వాలుగా పడేట్టు పెట్టి తీసిన బ్యారెల్ ముద్ర. తిన్నగా వెలుగు వేస్తే అక్షరాల లోతు తెలియదు. రెండు, పాళీ కొన ఎదురు నుంచి. రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయా, కొన మీద గుండు మిగిలుందా అన్నది అక్కడే తేలుతుంది. మూడు, లీవరు తెరిచి దాని గాడి అంచులు. చీలికలు మొదలయ్యేది అక్కడే. క్లిప్పు మీద కాస్త ఇత్తడి తేలినా, పక్క మీద గీతలున్నా, మూత రంగు బ్యారెల్ కంటే ఒక ఛాయ వెలిసినా భయపడక్కర్లేదు. మూతా బ్యారెల్ మరీ ఒకే రంగులో ఉండి, ముద్ర మాత్రం లీలగా ఉంటేనే అనుమానించాలి.

అమ్మేవాళ్లలో మంచివాళ్లు వెంటనే పంపుతారు, అడగని నాలుగోది కూడా జతచేస్తారు. రెండోరకం వాళ్ల నుంచి జవాబు ఒకేలా వస్తుంది: "తీసి చూశామండీ, మెరుపుకి ఫ్లాష్ కొట్టేసి అక్షరాలు పడటం లేదు. అంత బాగుంది పెన్ను!"