ఒకేలాంటి బటన్లు

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టున ఉన్న ప్యానెల్ బోర్డును చూసినప్పుడల్లా నా కడుపు మండిపోతుంది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు నాలుగు, నీళ్లు తోడే మోటారుకు ఒకటి, మొత్తం ఐదు స్టార్టర్లు ఒకే వరుసలో, ఒకే రకం ఆకుపచ్చ, ఎరుపు బటన్లతో ఉంటాయి; వాటి కింద పెన్నుతో రాసుకున్న అంకెలు ఎండకూ వానకూ ఎప్పుడో చెరిగిపోయాయి. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున; కాపలా మనిషి నిద్రమత్తులో, టార్చిలైటు పట్టుకుని, కంగారుగా బటన్ వెతుక్కునేదీ అప్పుడే. మొన్న అతను ఏరియేటర్ అనుకుని మోటారు వేశాడు. తిట్లన్నీ అతనికే పడ్డాయి.

ఆ తిట్లు అన్యాయమని ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే చూపించారు. అమెరికా బి-17 బాంబర్లు నేలకు దిగాక, పైలట్లు రెక్కల ఫ్లాపులను మడవబోయి చక్రాలను ముడిచేస్తుంటే, లోపం మనుషుల్లో కాదు, పక్కపక్కనే ఒకేలా ఉన్న ఆ రెండు మీటల్లో ఉందని ఆయన గుర్తించి, చక్రాల మీటకు చిన్న చక్రాన్నీ, ఫ్లాపుల మీటకు కోసుగా ఉండే ముక్కనూ అమర్చాలని సూచించారు. తడిమితే చాలు, చేతికే తెలిసిపోతుంది. 1959లో ఆయన వంటపొయ్యి మీటల అమరికను కూడా వదలకుండా పరీక్షించారు.

ఇన్నేళ్ల తరువాత కూడా, మోటారు స్టార్టర్‌ను కాస్త ఎడంగా బిగించమని అడిగితే, బోర్డు పెట్టినవాళ్లు "చూసి నొక్కాలి కదండీ" అన్నారు. చివరకు ఆ బటన్ మీద నేనే ఒక కొబ్బరిచిప్ప బోర్లించి, వైరుతో కట్టాను.