తూలేవాణ్ని తిట్టేముందు ఆ లాటిన్ మాట వినండి

ఎవరైనా ఒక విషయం తేల్చుకోలేకపోతే చాలు, "నిలకడ లేని మనిషి" అని ముద్ర వేసేస్తాం. ఇంగ్లీషు 'వాసిలేట్' కూడా ఇప్పుడు అచ్చంగా ఇలాంటి నిందే అయిపోయింది. నాకిది అన్యాయంగా అనిపిస్తుంది. ఆ మాటకు మూలం 'వకిల్లారె' అనే లాటిన్ క్రియ (రోమన్ వక్త, రచయిత సిసిరో కాలంలో, ఇంగ్లీషులో 'స' వినిపించేచోట 'క' అనే పలికేవారు). దాని మొదటి అర్థం తూలడం, అడుగు నిలవకపోవడం. మనసు ఊగడమన్న అర్థం ఆ తర్వాతిదే.

తాగినవాడి ఒళ్లు ఎలా బరువెక్కుతుందో చెబుతూ రోమన్ కవి లుక్రీషియస్ ఈ క్రియను కాళ్లు చిక్కుపడి తూలే ఆ మనిషికే వాడాడు. క్రీ.పూ. 63లో రోములో కుట్ర పన్నిన కాటిలీనా మీద చేసిన రెండో ప్రసంగంలో సిసిరో, పాత అప్పుల్లో తూలుతున్నవాళ్లని ఒక గుంపును చూపిస్తాడు. వాళ్ల మీద ఆయనకు జాలేమీ లేదు, సోమరులనీ దుబారా మనుషులనీ తిడతాడు. అయినా ఆ క్రియ ఆయన మాట వినదు. అది పలకగానే నెత్తిన మూటతో తూలుతున్న మనిషే కళ్లముందుకొస్తాడు. విధేయత సడలిన సైన్యానికీ ఆయన ఇదే మాట వాడాడు.

అందుకే దీన్ని తెలుగు చేసేటప్పుడు అన్నిచోట్లా 'ఊగిసలాట' అని పెట్టేస్తే నాకు ఒళ్లు మండుతుంది. పార్టీ మారాలా వద్దా అని లెక్కలేసుకునే నాయకుడికి సరిపోయే మాట అది. మనకు 'తడబడు' ఉంది కదా! నడకా తడబడుతుంది, నాలుకా తడబడుతుంది, మనసూ తడబడుతుంది. ఎంత చక్కగా సరిపోతుందో చూడండి.

టైరో సంగతే తీసుకోండి. సిసిరో ఇంట బానిసగా ఉండి తర్వాత విడుదల పొందినవాడు, ఆయన రాతపనులన్నీ చూసినవాడు. ఒకసారి దూరాన జబ్బుపడి, ఎలాగో ఓపిక చేసుకుని ఉత్తరం రాశాడు. సిసిరో జవాబులో ఇదే క్రియ మళ్లీ కనిపిస్తుంది. నీ ఉత్తరం అందింది, చిన్ని అక్షరాలు తడబడుతున్నాయి, అంత పెద్ద జబ్బులో వింతేముంది అంటాడు. రాతే బతుకైనవాడి చెయ్యి అది. టైరో అంటే ఇష్టమున్న ఒక మనిషిని తోడుగా ఉండమని పంపాడు సిసిరో. అతనితో పాటు ఒక వంటవాణ్ని కూడా పంపాడు.