డేటా లిమిట్ నెట్‌వర్క్‌ని కాపాడడానికి కాదు, బిల్లు పెంచడానికి

నెలకి ఇన్ని జీబీలే అని లిమిట్ పెట్టి, అది దాటితే స్పీడ్ తగ్గించేయడమో ఎక్స్‌ట్రా బిల్లు వేయడమో చేసే బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఇన్నేళ్ళుగా చెప్పే కారణం ఒకటే. కొంతమంది మరీ ఎక్కువ వాడేస్తున్నారు, వాళ్ళ వల్ల మిగతావాళ్ళకి నెట్ స్లో అవుతోంది, అందుకే లిమిట్ పెట్టాం అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది, అందుకే చాలామంది నమ్మేశారు కూడా. కానీ ఇది నిజం కాదని ఒప్పుకున్నది కంపెనీల మనిషే. అమెరికాలో కేబుల్ కంపెనీల సంఘానికి అప్పట్లో పెద్దగా ఉన్న మైకేల్ పావెల్, అంతకుముందు అక్కడి టెలికాం రెగ్యులేటర్ ఎఫ్‌సీసీకి ఛైర్మన్‌గా కూడా చేసినాయన, 2013 జనవరిలో ఒక మీటింగ్‌లో ఈ లిమిట్లు రద్దీ తగ్గించడానికి అనుకోవడం తప్పు, పెట్టిన భారీ ఖర్చుని ఎలా రాబట్టుకోవాలి అన్నదే తమ అసలు ఉద్దేశం అని నేరుగా చెప్పేశాడు. ఆ తర్వాత కూడా కస్టమర్‌కి రద్దీ కథే చెప్తున్నారంటే తెలిసి చెప్తున్నారనే అనుకోవాలి.

అసలు నెట్‌వర్క్‌కి ఖర్చు ఎక్కడ అవుతుందో చూడండి. కేబుల్ వేయడానికి, రూటర్లకి, పోర్టులకి, మనుషులకి. ఇదంతా ముందే పెట్టేసిన డబ్బు, లైన్ మీద డేటా వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ ఖర్చు మారదు. ఇరుకు వచ్చేది ఎప్పుడంటే అందరూ ఒకేసారి వాడినప్పుడు, అంటే సాయంత్రం పొద్దుపోయాక జనం ఇళ్ళకి చేరి వీడియోలు పెట్టుకున్న ఆ రెండు మూడు గంటలు. తెల్లవారుజామున మూడింటికి ఎవరైనా 100 జీబీ గేమ్ దించుకుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఆ టైంలో లైన్లు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి. అదే రోజూ రాత్రి తొమ్మిదింటికి గంటసేపు మాత్రమే వీడియో చూసే మనిషి నెల మొత్తానికి తక్కువే వాడినా, రద్దీలో వాటా మాత్రం అతనిదే. నెలవారీ లిమిట్ మొదటి మనిషిని పట్టుకుని, రెండో మనిషిని వదిలేస్తుంది. రద్దీని తగ్గించే పనే అయితే రద్దీ టైంని లెక్కలోకి తీసుకోకుండా ఎలా పెడతారు?

ఇంకా గట్టి సాక్ష్యం ఉంది, అది ఈ కంపెనీలు వేరే నెట్‌వర్క్‌ల దగ్గర తాము కనెక్షన్ కొనే పద్ధతిలోనే ఉంది. అక్కడ సాధారణంగా జీబీల లెక్క ఉండదు. ప్రతి ఐదు నిమిషాలకీ ఎంత స్పీడ్‌లో ట్రాఫిక్ వెళ్తోందో నోట్ చేసుకుంటారు, నెలాఖరుకి అన్నిటికన్నా పైనున్న 5 శాతం రీడింగులు తీసేసి, మిగిలినవాటిలో పెద్దదానికి బిల్లు కడతారు, దాన్నే 95వ పర్సెంటైల్ బిల్లింగ్ అంటారు. అంటే వాళ్ళు కొనేది కెపాసిటీ, మనకి అమ్మేది జీబీలు. పైగా నెట్‌ఫ్లిక్స్, గూగుల్ లాంటివి తమ సర్వర్లని తెచ్చి కంపెనీల నెట్‌వర్క్ లోపలే పెడతాయి కాబట్టి మనం చూసే వీడియోలో చాలా భాగం బయటి లింకు దాకా వెళ్ళనే వెళ్ళదు. ఇదే వాదన 2011లో కెనడాలో పెద్ద గొడవైంది, పెద్ద కంపెనీల లైన్లు అద్దెకి తీసుకునే చిన్న ప్రొవైడర్ల మీద కూడా జీబీల లెక్క రుద్దడానికి అక్కడి రెగ్యులేటర్ సీఆర్‌టీసీ ఒప్పుకుంటే జనం లక్షల్లో సంతకాలు పెట్టారు, చివరికి అదే ఏడాది నవంబర్‌లో రెగ్యులేటర్ వెనక్కి తగ్గి కెపాసిటీని బట్టి లెక్కకట్టే పద్ధతి తెచ్చింది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. అమెరికాలో పెద్ద కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ 2008 అక్టోబర్‌లో నెలకి 250 జీబీ లిమిట్‌తో మొదలుపెట్టి 2020 నాటికి 1.2 టీబీకి, అంటే 1200 జీబీకి తెచ్చింది. పెద్ద నంబర్‌లాగే కనిపిస్తుంది. 100 ఎంబీపీఎస్ లైన్‌ని ఫుల్ స్పీడ్‌లో వాడితే 1.2 టీబీ దాదాపు 27 గంటల్లో అయిపోతుంది. 1 జీబీపీఎస్ లైన్ అయితే రెండు గంటల నలభై నిమిషాలు. గిగాబిట్ స్పీడ్ అని యాడ్ ఇచ్చి, ఎక్కువ రేటు తీసుకుని, నెల మొత్తంలో ఆ స్పీడ్‌ని మూడు గంటలు కూడా పూర్తిగా వాడుకోనివ్వని లిమిట్ పెట్టడం ఏ రకం న్యాయం? అంత స్పీడ్ అన్ని గంటలు ఎవరికీ అక్కర్లేదు, నిజమే, కానీ వేగానికి ఒక రేటు పెట్టి అమ్మాక, ఆ వేగాన్ని వాడినందుకు మళ్ళీ వసూలు చేయడం ఒకే సరుకుకి రెండుసార్లు డబ్బు తీసుకోవడమే.

ఎదుటివాళ్ళ మాట కూడా చెప్పాలి. తక్కువ వాడే మనిషి ఎక్కువ వాడే మనిషి ఖర్చు ఎందుకు మోయాలి, కరెంట్‌కి యూనిట్ల లెక్క ఉన్నట్టే దీనికీ ఉంటే తప్పేంటి అంటారు. తక్కువ వాడితే బిల్లు నిజంగా తగ్గే ప్లాన్ ఉంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ 1.2 టీబీ లిమిట్‌లో 40 జీబీయే వాడినా బిల్లు రూపాయి తగ్గదు, మిగిలింది వచ్చే నెలకి రాదు, లిమిట్ దాటితే మాత్రం బిల్లు పెరుగుతుంది. మొబైల్ సంగతి కొంచెం వేరు, అక్కడ ఒక టవర్ కింద ఉన్న స్పెక్ట్రమ్‌ని అందరూ పంచుకోవాలి కాబట్టి ఇరుకు నిజంగానే ఉంటుంది, అయితే అక్కడ కూడా ఆ ఇరుకు టైంని బట్టి వచ్చేదే, నెలని బట్టి వచ్చేది కాదు.

2020 మార్చిలో కోవిడ్ వచ్చేసరికి కంపెనీల రద్దీ వాదన మొత్తం కూలిపోయింది. స్కూళ్ళు, ఆఫీసులు, మీటింగులు, సినిమాలు అన్నీ ఇళ్ళలోకి వచ్చేశాయి, ఇంటి నెట్ మీద అంత బరువు అంతకుముందెప్పుడూ పడలేదు. లిమిట్లు నిజంగా నెట్‌వర్క్‌ని కాపాడేవే అయితే అప్పుడు ఇంకా బిగించాలి కదా. కామ్‌కాస్ట్, ఏటీ అండ్ టీ లాంటివి ఎత్తేశాయి! నెట్‌వర్క్ నిలబడింది. యూరప్‌లో రద్దీ గురించి భయపడినప్పుడు ఏం చేశారంటే, యూరోపియన్ యూనియన్ కమిషనర్ అడిగితే నెట్‌ఫ్లిక్స్ 30 రోజులపాటు వీడియో ట్రాఫిక్‌ని పాతిక శాతం దాకా తగ్గించింది, అంటే ఆ క్షణంలో లైన్ మీద వెళ్ళే వేగాన్ని తగ్గించారు గానీ ఎవరి నెల లెక్కా తీయలేదు. రద్దీకి మందు అలా ఉంటుంది. జూన్ అయ్యాక కామ్‌కాస్ట్ మళ్ళీ లిమిట్ పెట్టింది.

పోటీ ఉన్నచోట ఏం జరిగిందో కూడా చూడాలి. పోటీ కంపెనీ వెరిజాన్ ఫైబర్ గట్టిగా ఉన్న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో కామ్‌కాస్ట్ ఏళ్ళ తరబడి లిమిట్ అమలు చేయలేదు, 2021లో పెడతామని చెప్పి జనం తిరగబడేసరికి వాయిదా వేసి ఆఖరికి వదిలేసుకుంది. 2025లో కొత్త ప్లాన్లన్నిటిలో అన్‌లిమిటెడ్ డేటా ఇస్తున్నామంది. కేబుల్స్ అవే, కంపెనీ అదే. అటు చార్టర్ అనే ఇంకో కేబుల్ కంపెనీ 2016లో టైమ్ వార్నర్ కేబుల్‌ని కొన్నప్పుడు ఏడేళ్ళు డేటా లిమిట్ పెట్టకూడదని ఎఫ్‌సీసీ షరతు పెట్టింది, ఆ షరతు కింద నడిచినన్నాళ్ళూ ఆ నెట్‌వర్క్ ఏమీ కుప్పకూలలేదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ఈ జీబీలు లెక్కపెట్టేది ఎవరు? అమ్మేవాడే. కరెంట్ మీటర్‌కి సీలుంటుంది, ప్రమాణం ఉంటుంది, అనుమానం వస్తే టెస్ట్ చేయమని అడిగే హక్కు ఉంటుంది. డేటా మీటర్ కంపెనీ సర్వర్‌లో ఎక్కడో ఉంటుంది, మన ఇంట్లో రూటర్ ఒక నంబర్ చూపించి కంపెనీ యాప్ ఇంకో నంబర్ చూపిస్తే చెల్లేది యాప్ నంబరే. అడగకుండా వచ్చిన అప్‌డేట్, పేజీ తెరవగానే తనంతట తను ఆడే యాడ్ వీడియో, మధ్యలో పోయి మళ్ళీ పంపిన డేటా, అన్నీ ఆ లెక్కలో పడతాయి. నెలలో చివరి వారం యాప్ తెరిచి 91 శాతం అని చూసిన ఇంట్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, పిల్ల క్లాసు వీడియోని మసక క్వాలిటీలో పెట్టుకుంటుంది, బ్యాకప్ ఆపేస్తారు, ఎవరెంత వాడారని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. ఆ 91 నిజమో కాదో చూసే దారి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. 2008కి ముందైతే లిమిట్ ఎంతో కూడా చెప్పకుండానే ఎక్కువ వాడారని కామ్‌కాస్ట్ కనెక్షన్లు కట్ చేసింది. ఏటీ అండ్ టీ అన్‌లిమిటెడ్ అని అమ్మిన మొబైల్ ప్లాన్‌లో కొందరికి 2 జీబీ దాటగానే స్పీడ్ తగ్గించింది, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ లెక్క ప్రకారం కనీసం 35 లక్షల మంది కస్టమర్లకి ఇలా జరిగింది, 2014లో కేసు పెడితే 2019లో 6 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. లెక్క చేతిలో ఉన్నవాడికి దాన్నుంచి మినహాయింపులిచ్చే అధికారం కూడా వస్తుంది, 2015లో కామ్‌కాస్ట్ సొంత స్ట్రీమ్ టీవీ సర్వీస్‌ని లిమిట్‌లో లెక్కపెట్టలేదు. మన టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో సైట్‌ని బట్టి డేటా రేటు మార్చకూడదని రూల్ తెచ్చింది ఇలాంటివి ఆపడానికే, ఆ విషయంలో ట్రాయ్ చాలా దేశాలకన్నా ముందుంది.

డిజిటల్ సర్వీసులన్నిటిలోనూ ఇదే నడుస్తోంది, క్లౌడ్ స్టోరేజ్ నిండిందని చెప్పేది, యాడ్ ఎంతమంది చూశారో చెప్పేది, అన్నీ ఆ బిల్లు వేసే కంపెనీలే. తూకం మీద ప్రభుత్వ తనిఖీ ఉండాలని మనుషులు ఎప్పుడో తేల్చుకున్న విషయం స్క్రీన్ మీదకి వచ్చేసరికి ఎందుకు వర్తించదు? 2024 ఏప్రిల్ నుంచి అమెరికాలో పెద్ద ప్రొవైడర్లు ప్లాన్‌తోపాటు ఒక లేబుల్ చూపించాలి, అందులో లిమిట్ ఎంతో, దాటితే ఎంత వేస్తారో ఉంటుంది, ఆ లెక్కని ఎవరు సరిచూశారో మాత్రం ఉండదు. లిమిట్ పెట్టే ఏ కంపెనీ మీటర్‌నైనా బయటివాళ్ళు టెస్ట్ చేసి సర్టిఫై చేయాలి, వివాదం వస్తే లెక్క రుజువు చేసుకునే బాధ్యత కంపెనీదే అవ్వాలి, రుజువు చేయలేకపోతే ఆ నెల ఎక్స్‌ట్రా చార్జీ వసూలు చేయకూడదు.