450 ఏళ్లని ఎవరు లెక్కపెట్టారు?

ఏ చెత్త మట్టిలో కలిసిపోవడానికి ఎంతకాలం పడుతుందో చెప్పే ఈ పట్టిక మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. కాగితం 2 నుంచి 6 వారాలు, అల్యూమినియం డబ్బా 200 ఏళ్లు, ప్లాస్టిక్ సీసా 450 ఏళ్లు, గాజు సీసా 10 లక్షల ఏళ్లు, థర్మాకోల్ అయితే ఎప్పటికీ కరగదు. కింద ‘అందరికీ పంపండి’ అని ఆజ్ఞ. చెత్త తగ్గించమంటే నాకేం పేచీ లేదు. పేచీ అంతా ఆ అంకెలతోనే.

ముందు ప్లాస్టిక్ సీసా సంగతి. నీళ్లు, కూల్‌డ్రింకులు పోసే పెట్ సీసాకు పేటెంటు వచ్చింది 1973లో. అంటే ఆ సీసాల్లో అన్నిటికన్నా పాతదానికి ఇంకా అరవై నిండలేదు. మరి 450 ఎక్కడిది? అమెరికాలోని ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కాలిన్ వార్డ్, క్రిస్టఫర్ రెడ్డి ఇలాంటి పట్టికలు సుమారు 60 సేకరించి, 2020లో ఆ లెక్కలు ప్రచురించారు. ఒక పట్టికకూ మరో పట్టికకూ పొంతన లేదు, చాలా అంకెలకు ఆధారమే దొరకలేదు. మందం సంగతి పట్టికల్లో కనిపించదు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం అంచనా చూడండి: సముద్రంలో హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ సీసా సగం క్షీణించడానికి 58 ఏళ్లు, అదే ప్లాస్టిక్‌తో చేసిన మందపాటి గొట్టానికి 1,200 ఏళ్లు. ఇవీ అంచనాలే, కానీ ఎలా కట్టారో చెప్పిన అంచనాలు.

కాగితం వారాల్లో పోతుందన్నది ఇంకా బలహీనమైన మాట. అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాథ్జీ బృందం చెత్త దిబ్బల్ని తవ్వితే దశాబ్దాల నాటి వార్తాపత్రికలు చక్కగా చదవగలిగేలా బయటపడ్డాయి. ఈజిప్టులోని వాదీ అల్-జర్ఫ్‌లో 2013లో దొరికిన పపైరస్‌ల (రెల్లు కాగితాల) వయసు దాదాపు 4,500 ఏళ్లు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తేమ కావాలి, వెచ్చదనం కావాలి, గాలి కూడా అందితే పని చకచకా సాగుతుంది. అణగదొక్కిన చెత్త దిబ్బలో గాలి లేదు, ఎడారిలో తడి లేదు. ఎండకూ చలికీ చలించని గడువు కావాలంటే రేడియోధార్మిక పదార్థాలను అడగాలి: సీజియం-137 ఎక్కడ పెట్టినా సుమారు 30 ఏళ్లకు సగమవుతుంది. చెత్తకు అలాంటి గడియారం లేదు.

గాజు విషయంలో ప్రశ్నే తప్పు. అది కుళ్లదు, అందులో సూక్ష్మజీవులు తినడానికేమీ లేదు. నీరు తగిలితే పైపొర నుంచి సోడియం మెల్లగా జారిపోయి పొరలు లేస్తాయి. తవ్వకాల్లో దొరికే రోమన్ గాజుపై ఇంద్రధనుస్సు మెరుపు అదే. అలల ఒరిపిడికైతే సీసా పెంకు కొన్ని దశాబ్దాల్లోనే నున్నటి గులకరాయి అవుతుంది. అల్యూమినియమూ అంతే, కుళ్లడం కాదు, తుప్పు. ఉప్పునీటిలో త్వరగా గుంటలు పడుతుంది.

ఇక థర్మాకోల్. దాన్ని తయారుచేసే ప్లాస్టిక్ పాలిస్టైరీన్‌ను సూర్యకాంతి శతాబ్దాల్లో కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేయగలదని 2019లో వార్డ్ బృందమే చూపింది. ‘ఎప్పటికీ’ అన్నది తప్పు. అలాగని సంబరపడొద్దు, మట్టిలో పూడ్చినదానికి ఎండ ఎలా తగులుతుంది?

పట్టికలు మంచివని మెచ్చుకునే సంచులూ చెప్పిన మాట వినవు. ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రచురించిన పరీక్షలో ‘బయోడిగ్రేడబుల్’ సంచి మట్టిలో, సముద్రంలో 3 ఏళ్లున్నాక కూడా సరుకులు మోసింది. కంపోస్టబుల్ (ఎరువుగా మారుతుందనే) సంచి సముద్రంలో 3 నెలల్లో మాయమైంది. మట్టిలో మాత్రం 27 నెలల తర్వాత కూడా కనిపించింది, కాకపోతే బరువు పెడితే చిరిగిపోయింది. ఈ సంచికి పట్టికలో ఏ అంకె వేస్తారు?