‘తట్టు పోసింది, దవాఖానకు పోవద్దు’ అన్న మెసేజ్‌కు జవాబు

నల్లగొండ, పాలమూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. పసిపిల్లలకు జరంతో పాటు ఒంటి మీద ఎర్రటి దద్దులు, కళ్లెరుపు వస్తే అది తట్టేనట. వేపాకు పెట్టి ఇంట్లోనే ఉంచాలట. పెదాలు పగలడం వేడి వల్లనట. జరం దిగి వేళ్ల తోలు ఊడితే వేడంతా బయటికి పోయినట్టేనట. దీన్ని నమ్మిన తల్లులను నేను తప్పుపట్టను. కానీ ఇందులో చెప్పిన గుర్తులన్నీ కవాసాకి జబ్బులోనూ కనిపిస్తాయి. అది రక్తనాళాలు వాచే జబ్బు, గుండెకు రక్తం అందించే నాళాలను దెబ్బతీస్తుంది. జపాన్ పిల్లల డాక్టర్ టొమిసాకు కవాసాకి 1967లో దీని గురించి మొదట రాశారు. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

‘దద్దులు, కళ్లెరుపు ఉంటే తట్టే’ అన్నది మొదటి తప్పు. తట్టులో ముక్కు కారుతుంది, దగ్గు ఉంటుంది, కళ్లు నీరు కారుతాయి. కవాసాకిలో రెండు కళ్లూ ఎర్రబడతాయి కానీ పుసి కట్టవు. పెదాలు ఎర్రగా పగులుతాయి, నాలుక మీద ఎర్రటి బొడిపెలు లేస్తాయి. అరచేతులు, పాదాలు వాస్తాయి. మెడకు ఒక పక్క బిళ్ల కట్టవచ్చు. ఐదు రోజులు దాటిన జరానికి ఇవి తోడైతే పిల్లల డాక్టర్‌కు చూపించాల్సిందే. నిజంగా తట్టే అయినా ఇంట్లో దాచకూడదు, దానికి విటమిన్ ఎ డోసులు వేయించాలి.

ఈ గుర్తులన్నీ ఒకేరోజు కనిపించవు. సోమవారం వచ్చిన దద్దు బుధవారానికి మాయమవుతుంది, అప్పుడు పాదాలు వాస్తాయి. అందుకే జరం మొదలైన తేదీ రాసిపెట్టుకోండి, కనిపించిన ప్రతి గుర్తునూ ఫోన్‌లో ఫొటో తీయండి. డాక్టర్‌కు ఆ ఫొటోలు చాలా పనికొస్తాయి. ఆరు నెలలలోపు పసివాళ్లలో రెండు మూడు గుర్తులే ఉండి జబ్బు దొరక్కుండా పోతుంది. గుండెకు ముప్పు కూడా వాళ్లకే ఎక్కువ. పుట్టగానే వేసిన బీసీజీ టీకా మచ్చ ఎర్రగా ఉబ్బిందేమో చూడండి, అది గట్టి ఆనవాలు.

‘పెదాలు పగలడం వేడి’ అన్నదానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మజ్జిగ తాగిస్తే రక్తనాళాల వాపు పోదు. ఆర్‌ఎంపీ ఇచ్చే యాంటీబయాటిక్ సూదులతోనూ పోదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ‘జరం దిగితే బాగైనట్టే’ అన్నది. కవాసాకి జరం మందు వేయకున్నా రెండు వారాలకు అటూ ఇటూగా దానంతటదే దిగుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. వేళ్ల కొసల తోలు ఊడేది, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) బాగా పెరిగేది, గుండె నాళం బుడగలా ఉబ్బేది కూడా రెండు మూడు వారాల్లోనే. వైద్యం అందని పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ ఉబ్బు వస్తుంది. జరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కిస్తే అది నూటికి సుమారు ఐదుగురికే వస్తుంది. ఇది కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన, సుమారు 10 నుంచి 12 గంటలు సన్నగా ఎక్కించే మందు. పది కిలోల పిల్లకు 20 గ్రాములు పడుతుంది. ఖరీదైనదే, నిజం. అందుకే నాలుగు రోజులు చూద్దామని ఆగకుండా జిల్లా దవాఖానలో చూపించి, అవసరమైతే పట్నంలో నీలోఫర్ లాంటి పిల్లల దవాఖానకు రాయించుకోవాలి. పది రోజులు దాటినా, జరం, వాపు ఇంకా ఉంటే మందు ఇస్తారు కాబట్టి ఆలస్యమైందని మానుకోవద్దు.

‘పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది’ అన్న వాక్యం కూడా ఆ మెసేజ్‌లో ఉంది. మామూలు జరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదన్నది నిజమే. కవాసాకిలో మాత్రం రక్తం గడ్డకట్టకుండా డాక్టర్లే లెక్క చూసి ఇస్తారు. సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు. ఆ మందు నడుస్తుండగా ఫ్లూ గానీ, అమ్మవారు (చికెన్‌పాక్స్) గానీ సోకినట్టు అనిపిస్తే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇంటికి వచ్చాక పిల్ల ఆడుకుంటోందని ఎకో పరీక్షకు (గుండె స్కానింగ్‌కు) పోవడం మానేస్తున్నారు. గుండె నాళాల ఎకో జబ్బు తేలినప్పుడు ఒకసారి, ఒకటి రెండు వారాలకు ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాలకు మరోసారి చేయించాలి. ఉబ్బు ఉంటే ఏళ్ల తరబడి చూపిస్తూనే ఉండాలి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకున్న పిల్లలకు తట్టు, అమ్మవారు టీకాలను మామూలుగా 11 నెలలు వాయిదా వేస్తారు. టీకా రోజున డిశ్చార్జి కాగితం వెంట తీసుకుపోయి ఏఎన్‌ఎమ్మకు చూపించండి.