సంతృప్తి ఫారం గారికి, ఫుట్‌బోర్డు మీంచి

మహారాజశ్రీ ప్రయాణికుల సంతృప్తి సర్వే ఫారం గారికి,

సికింద్రాబాద్–కోఠి దారిలో రోజూ సిటీ బస్సులో పోయే ఒక ప్రయాణికుడు రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న మిట్టమధ్యాహ్నం తమరు నన్ను కలిశారు. కిటికీ పక్క సీటు దొరికి, గాలికి కునుకు పడుతుంటే ఓ కుర్రాడు ట్యాబ్ పట్టుకొచ్చి "సార్, మా సేవలతో సంతృప్తిగా ఉన్నారా?" అన్నాడు. కిటికీ సీట్లో కూర్చున్నవాణ్ని అడిగితే ఏం చెబుతాడండీ? ఐదుకి ఐదు నొక్కాను. దానికి ప్రాయశ్చిత్తమే ఈ ఉత్తరం.

తమరి మూడో ప్రశ్న, బస్సు కోసం ఎంతసేపు చూశారని. ఏ బస్సు కోసం? పొద్దున తొమ్మిదింటికి ముషీరాబాద్‌లో మొదటిది ఆగలేదు. రెండోది స్టాపు దాటి చాలా దూరంలో ఆగి, మేం రొప్పుతూ చేరేసరికి కదిలింది. మూడోది స్టాపులోనే ఆగింది, పాపం. కానీ తలుపుకి వేలాడుతున్నవాళ్లు "వెనక బస్సు ఖాళీగా వస్తుందన్నా" అని మాకు నచ్చజెప్పి వెళ్లిపోయారు. ఆ ఖాళీ బస్సు కోసం ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. తమరి గడుల్లో 'పదిహేను నిమిషాలకు పైన' దగ్గరే లెక్క ఆగిపోయింది.

కండక్టర్ ప్రవర్తన ఎలా ఉందన్నారు. ఆమెకేం, బంగారం. నాకు ఐదు రూపాయల చిల్లర రావాలి. టికెట్ వెనక '5' వేసి, చుట్టూ సున్నా చుట్టి "దిగేటప్పుడు తీస్కో అన్నా" అంది. ఆ కాగితం ఎంత పల్చనంటే పెన్ను మొన అవతలికి దిగింది. నారాయణగూడ వచ్చేసరికి ఆమె ముందు తలుపు దగ్గర, నేను వెనక తలుపు దగ్గర, మధ్యలో సముద్రం. అలాంటి సున్నాలు మా ఇంట్లో డబ్బాడు ఉన్నాయి. టికెట్ మీద అచ్చు ముందే చెరిగిపోతుంది, అప్పు మాత్రం బాల్‌పెన్నుతో నిలిచి ఉంటుంది.

2023 డిసెంబర్ 9 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ఛార్జీ లేదు. దాని మీద గొణిగే మగవాళ్లలో నన్ను కలపకండి. ఎక్కేవాళ్లు పెరుగుతారని తెలిసీ దానికి తగ్గట్టు బస్సులు పెంచకపోతే, ఎక్కినామెది తప్పా?

మెట్రో రైల్లో పోవచ్చుగా అంటారేమో. 2025 మే నెలలో అక్కడ కనీస ఛార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి పెంచారు. వారం తిరిగేసరికి కాస్త తగ్గించి 11, 69 చేశారు. జనం హమ్మయ్య అనుకున్నారు. ఆ పూట అడిగి ఉంటే తమరికి మంచి మార్కులే పడేవి.

అసలు సంగతి, తమరు అడిగేదంతా బస్సెక్కినవాళ్లనే. ఎక్కలేనివాళ్లు స్టాపులోనే ఉన్నారు, ఒకసారి దిగి చూడండి.

నిన్న సాయంత్రం తమరి కుర్రాడు కనిపించాడు. స్టాపులో ట్యాబ్‌ని గుండెకి హత్తుకుని, మా బస్సు వెంట పరిగెత్తుతున్నాడు. ఫుట్‌బోర్డు మీద నేనే ఉన్నాను.

"వెనక బస్సు ఖాళీగా వస్తుంది తమ్ముడూ" అన్నాను.

ఇట్లు,
కుడికాలు బస్సులో, ఎడమకాలు గాలిలో ఉన్న
మీ విధేయుడు