కలిన్నికోవ్‌ని మరిచిపోయారు

అభిమానులంతా ఓట్లేసి తమకిష్టమైన రష్యన్ సింఫనీల (ఆర్కెస్ట్రా కోసం రాసే, కొన్ని భాగాలుండే పెద్ద సంగీత రచనల) జాబితా ఎంచుకున్న తీరు చదివి సంతోషమేసింది. స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరవ సింఫనీకి మొదటి స్థానం ఇవ్వడంతో నాకు పేచీ లేదు. 1893 అక్టోబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దాని తొలి ప్రదర్శనలో ఆర్కెస్ట్రాని ఆయనే స్వయంగా నడిపించారు, తొమ్మిది రోజులకే కన్నుమూశారు. మూడో భాగం కవాతులా హోరెత్తి ఆగగానే అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు దుఃఖం ఆ తర్వాతే మొదలవుతుంది. చివరికి చెల్లోలూ డబుల్ బేస్‌లూ (మంద్రంగా పలికే పెద్ద తీగ వాద్యాలు) మాత్రమే మిగిలి, దీపం కొండెక్కినట్టు ఆ స్వరం ఆరిపోతుంది.

కానీ రష్యన్ స్వరకర్త వసీలీ కలిన్నికోవ్ పేరు ఆ జాబితాలో ఎక్కడా లేకపోవడం మనసుకు కష్టంగా ఉంది. క్షయతో యాల్టాలో 1901లో పోయాడు, ముప్ఫై అయిదేళ్లు కూడా నిండలేదు పాపం. రాసినవి రెండే సింఫనీలు. మొదటిదాంట్లో రెండో భాగం రాత్రిపూట లైట్లు తీసేసి వినండి. హార్ప్, వయొలిన్లు రెండే రెండు స్వరాలను ఊయలలా ఊపుతుంటాయి. వాటి మీదుగా ఇంగ్లిష్ హార్న్ అనే ఊదే వాద్యం పాట మెల్లగా లేస్తుంది. ఆ చోట నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

రాఖ్మనినోవ్ రెండో సింఫనీ ఎంచుకున్నవారికి నా నమస్కారం. 1897లో మొదటి సింఫనీ ప్రదర్శన ఘోరంగా దెబ్బతిని, కొన్నేళ్లు దాదాపు ఏమీ రాయలేకపోయిన మనిషి ఆయన. అలాంటివాడు ఈ రెండోదాని మూడో భాగంలో క్లారినెట్ చేత అంత పొడవైన రాగం ఊపిరి తెగనట్టు పాడించాడు! షోస్టకోవిచ్ అయిదవ సింఫనీ కూడా జాబితాలో ఇంకాస్త పైకి రావాల్సింది.

మళ్లీ ఎప్పుడైనా ఎంచుకుంటే కలిన్నికోవ్‌కి నా ఓటు ఇప్పుడే రాసిపెట్టుకోండి.